గాజుతొట్టి కబుర్లు: నీళ్ళు అద్దంలా ఉన్నాయి, చేపలు మాత్రం పోతున్నాయి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఫిల్టర్ గురించే. ఏ ఫిల్టర్ కొనాలి, లోపల ఏం నింపాలి, ఎన్నాళ్ళకోసారి కడగాలి, ఇవే తిప్పి తిప్పి అడిగారు. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేశాను, పెద్ద ఉత్తరాల్ని కొంచెం కుదించాను. పేర్లు వద్దన్నారు చాలామంది, అందుకని ఊళ్ళ పేర్లే ఇస్తున్నా.

అన్నా, మాది నెల్లూరు, వేదాయపాళెం. పిల్లల గోల పడలేక మూడడుగుల ట్యాంకు కొని ఆరు గోల్డ్ ఫిష్ వేశాం. షాపతను లోపల పెట్టే పవర్ ఫిల్టర్ ఇచ్చాడు, రాత్రీ పగలూ తిరగతానే ఉంది, నీళ్ళు అద్దంలా ఉండాయి. అయినా ఐదో రోజుకి చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరవబట్టినయ్, ఏడో రోజుకి రెండు పోయినయ్. ఇప్పుడు షాపతను కెనిస్టర్, అదే ట్యాంకు బయట పెట్టే డబ్బా ఫిల్టర్, పెట్టమంటాడు, పక్క షాపాయన టాప్ ఫిల్టర్ అంటాడు, మా మరిది స్పాంజి చాలంటాడు. ఏది కొనాల? మళ్ళీ డబ్బులు పోసి చేపల్ని చంపుకోలేను.

అమ్మా, ముందు ఒక మాట చెప్తా, మీ ఫిల్టర్ మంచిది కాక ఆ రెండు చేపలూ పోలేదు. ఆ వారంలో కెనిస్టర్ పెట్టినా పోయేవే. ఎందుకంటే ఫిల్టర్ కొత్తది, అందులో ఇంకా ఎవరూ కాపురం పెట్టలేదు.

చేప తిన్న మేతలో మాంసకృత్తులు ఉంటాయి కదా, అవి ఒంట్లో ఖర్చయ్యాక మిగిలేది అమ్మోనియా. అది ఎక్కువగా మొప్పల్లోంచే నీళ్ళలోకి వచ్చేస్తుంది, రెట్టతో పనిలేదు. దానికి రంగు లేదు, కొద్దిగా ఉన్నప్పుడు వాసనా తెలీదు, అందుకే నీళ్ళు అద్దంలా కనిపిస్తాయి, లోపల చేపకి మాత్రం మొప్పలు మండిపోతుంటాయి. మీకు తెలిసినవాళ్ళలో విడవలూరు వైపో అల్లూరు వైపో రొయ్యల గుంటలున్నవాళ్ళెవరైనా ఉంటే అమ్మోనియా అన్న మాట అనండి, వాళ్ళ మొహం ఎట్టా మారుతుందో చూడండి, ఇక నేను వేరే చెప్పక్కర్లేదు.

ఈ అమ్మోనియాని తినే బ్యాక్టీరియా ఒకటుంది, అది దాన్ని నైట్రైట్ చేస్తుంది. నైట్రైట్ కూడా విషమే, చేప రక్తం గోధుమరంగుకి తిరిగి ఊపిరి పట్టదు. ఆ నైట్రైట్‌ని ఇంకో రకం బ్యాక్టీరియా నైట్రేట్ చేస్తుంది, అది కొంచెం పేరుకున్నా చేపకి నష్టం తక్కువ, వారానికోసారి నీళ్ళు మారిస్తే పోతుంది, మొక్కలుంటే అవీ లాక్కుంటాయి. ఈ బ్యాక్టీరియా నీళ్ళలో తేలుతూ ఉండేది కాదు, ఏదో ఒకదానికి జిగురు పొరలాగా అంటుకుని బతుకుతుంది. అది అంటుకోడానికి కాస్త చోటు ఇచ్చి, దాని మీదుగా ఆక్సిజన్ ఉన్న నీళ్ళు ఆగకుండా పారిస్తే అదే బయలాజికల్ ఫిల్టర్. స్పాంజి, సిరామిక్ రింగులు, పెంకు ముక్కలు, గులకరాళ్ళు, ఏదైనా ఇల్లే దానికి. కాకపోతే అది నిదానంగా పెరిగే రకం, పాలు తోడుకున్నట్టు తెల్లారేసరికి అయిపోదు, మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు, మన వేడికి కొంచెం ముందే కావచ్చు. మీ చేపలు ఐదో రోజుకే ఆరూ కలిసి పైకొచ్చాయంటే లెక్క సరిపోయింది.

ఇప్పుడు అర్జెంటుగా చేయాల్సింది: రెండు రోజులు మేత ఆపేయండి, చేపకేం కాదు. రోజూ మూడో వంతు నీళ్ళు మార్చండి, మున్సిపాలిటీ నీళ్ళైతే ముందు రోజే బకెట్లలో పట్టి ఎయిర్ స్టోన్ (గాలి బుడగలు వదిలే రాయి) వేసి ఉంచండి, లేదా షాపులో దొరికే యాంటీ క్లోరిన్ చుక్కలు కలపండి. నైట్రైట్‌కి విరుగుడు మన ఇంట్లోనే ఉంది, కల్లుప్పు. వంద లీటర్లకి పది గ్రాములు, అంటే రెండు టీ స్పూన్లకి కాస్త తక్కువ, కరిగించి పోయండి. ఉప్పులో ఉండే క్లోరైడ్ నైట్రైట్‌ని మొప్పల దగ్గరే అడ్డుకుంటుంది. ఇసకపల్లి ఉప్పైనా సరే, అయోడిన్ గొడవ పెట్టుకోకండి.

ఇక ఏది కొనాలి అన్నారు. నన్నడిగితే కొత్తదేం కొనొద్దు, అంటే పెద్దది కొనొద్దు. మీ దగ్గరున్న పవర్ ఫిల్టర్ మూత తీసి చూడండి, లోపల పల్చటి తెల్ల దూది, ఒక చిన్న బొగ్గు సంచి ఉంటాయి. ఆ బొగ్గు తీసి పారేయండి, మందు వేసినప్పుడు నీళ్ళలోంచి మందు లాగడానికి తప్ప రోజూ దాంతో పనిలేదు. దాని చోట ముతక స్పాంజి ముక్క కోసి కుక్కండి. దానికి తోడు ఒక పెద్ద స్పాంజి ఫిల్టర్, ఎయిర్ పంపు కొనండి, వందల్లో అయిపోతుంది. మీ మరిది చెప్పిందే రైటు, ఈ మాట ఆయనకి మాత్రం చెప్పకండి, మళ్ళీ మన మాట వినడు.

స్పాంజి ఎందుకంటే అది రెండు పనులు ఒకేసారి చేస్తుంది, గాలి బుడగలు పైకి పోతా పోతా నీళ్ళని స్పాంజిలోంచి లాగుతాయి, పైన నీళ్ళు కదిలి ఆక్సిజన్ కలుస్తుంది. ఇదే మన ఊళ్ళో అసలు సంగతి. 25 డిగ్రీల నీళ్ళలో లీటరుకి ఎనిమిది మిల్లీగ్రాముల పైన ఆక్సిజన్ పడుతుంది, 35కి వెళ్తే ఏడుకి దిగువే, రోహిణీ కార్తెలో ఇంట్లో నీళ్ళు కూడా 32, 33కి వచ్చేస్తాయి. చేపకీ ఆక్సిజన్ కావాలి, బ్యాక్టీరియాకీ కావాలి, అది అమ్మోనియాలో ఒక గ్రాము నైట్రోజన్‌ని మార్చడానికి నాలుగున్నర గ్రాముల పైగా ఆక్సిజన్ తినేస్తుంది. కొనేది ఏదైనా, ముందు అందులో గాలి బాగా ఆడుతుందా అని చూడండి.

టాప్ ఫిల్టర్ కూడా మంచిదే, నీళ్ళు పైకెత్తి పెట్టెలోంచి చిలకరిస్తుంది, గాలి బాగా తగులుతుంది, మూత ఎత్తితే చాలు లోపల కనపడుతుంది. మోటారు మోత కొంచెం ఉంటుంది, దీపం పెట్టుకోడానికి చోటు తగ్గుతుంది. వెనకవైపు తగిలించే హ్యాంగాన్ ఫిల్టర్ చూడ్డానికి బాగుంటుంది గానీ నెలకో కార్ట్రిడ్జి మార్చమని పెట్టె మీద రాసి ఉంటుంది, అది మార్చారంటే కాపురం మొత్తం ఖాళీ చేయించినట్టే, అందులో కూడా స్పాంజి వేసి దాన్నే ఉంచుకోవాలి. కెనిస్టర్‌లో చోటెక్కువ, చేపలు పెద్దవైతే, ఆస్కార్, ఫ్లవర్‌హార్న్ లాంటివి పెంచితే దాని అవసరం వస్తుంది. మీకు ఇప్పుడు అవసరం లేదు. గులకరాళ్ళ కింద పళ్ళెం పెట్టే అండర్ గ్రావెల్ మా చిన్నప్పుడు ప్రతి ట్యాంకులో ఉండేది, పని చేస్తుంది, పనిచేయదని నేననను, కానీ గోల్డ్ ఫిష్ రాళ్ళు తవ్వి పోస్తాయి, కింద చెత్త పేరుకుంటుంది, అది తీయాలంటే ట్యాంకంతా విప్పాలి.

ఇంకోటి, మిగిలిన నాలుగు గోల్డ్ ఫిష్‌కే ఆ ట్యాంకు నిండుగా ఉంది. మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు అయితే లెక్కకి 127 లీటర్లు, రాళ్ళూ పైన ఖాళీ పోను వంద మిగుల్తుంది. రెండు నెలలదాకా కొత్త చేప వద్దు, పిల్లలేడ్చినా సరే.

మాది నెల్లూరు మాగుంట లేఅవుట్. ఒక కంపెనీ మీడియా (ఫిల్టర్ లోపల నింపే సరుకు) లీటరుకి వెయ్యి చదరపు మీటర్లకు పైగా ఉపరితలం ఉందని రాసుంది, ఇంకోటి అందులో పదో వంతు కూడా లేదు, ధర నాలుగింతలు తేడా. ఇంజనీర్ని, లెక్క కావాలి సార్.

లెక్కే ఇస్తా సార్, మీకోసమని కాదు, ఇది నాకూ సరదానే. చాలా ఏళ్ళు హేచరీలో రొయ్య పిల్లల నీళ్ళు టెస్ట్ చేసి బతికినవాణ్ణి.

చేపల ఫారాల్లో వాడే లెక్క ఒకటుంది, మేత బరువుని అందులో ఉన్న మాంసకృత్తుల శాతంతో గుణించి మళ్ళీ 0.092తో గుణిస్తే రోజుకి వచ్చే అమ్మోనియా నైట్రోజన్ వస్తుంది. మీరు రోజుకి ఒక గ్రాము మేత వేస్తున్నారు, అందులో 40 శాతం ప్రోటీన్ ఉంది అనుకోండి, 37 మిల్లీగ్రాములు వస్తుంది. వంద లీటర్ల ట్యాంకులో అయితే లీటరుకి 0.37 మిల్లీగ్రాములు, ఫిల్టర్ లేకపోతే ఒక్క రోజులో పెరిగేది ఇది. ఇప్పుడు బ్యాక్టీరియా పొర చదరపు మీటరుకి రోజుకి ఎంత తింటుంది అంటే, బాగా పిసినారిగా లెక్కేసి 0.1 గ్రాము పెట్టుకుందాం. అట్టైతే మీకు కావాల్సింది 0.37 చదరపు మీటర్లు. గిరగిరా తిరిగే ప్లాస్టిక్ మీడియా కే1 అనేది చూసే ఉంటారు, దానికి లీటరుకి అర చదరపు మీటరు పనికొచ్చే ఉపరితలం ఉంటుంది. అంటే ముప్పాతిక లీటరు చాలు. భయంగా ఉంటే ఒకటిన్నర లీటరు పెట్టుకోండి. వెయ్యి చదరపు మీటర్లు మీకెందుకు సార్, ఎకరాల్లో ఇల్లు కట్టి ఇద్దరు కాపురముండేదానికి?

ఆ వెయ్యి కూడా నిజం అనుకోవద్దు. లెక్క పెట్టేటప్పుడు వాళ్ళు కంటికి కనపడని రంధ్రాల లోపలి గోడల్ని కూడా కలుపుతారు. బ్యాక్టీరియా ఒక్కోటి మైక్రాన్, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు, అటూ ఇటూ ఉంటుంది, అది ఒక్కటే రాదు, జిగురుతో పొరగా పేరుకుంటుంది, ఆ పొర ముందు రంధ్రం నోరే మూసేస్తుంది, లోపలికి నీళ్ళు పోవు, ఆక్సిజన్ పోదు. ఇక లోపల గది ఉండి ఏం లాభం, తలుపు మూసుకుపోయాక. అందుకే ముతక స్పాంజి, అగ్నిపర్వతం రాయి ముక్కలు, మట్టి పెంకు ముక్కలు కూడా ఖరీదైన రాళ్ళ పక్కన పెద్దగా తీసిపోవు. డబ్బులుంటే మంచి పంపు కొనండి, సైలెంటుగా ఉండేది. ట్యాంకులో ఉన్న నీళ్ళని గంటకి నాలుగైదు సార్లు తిప్పేలాగా, పెట్టె మీద రాసిందానికంటే ఇంట్లో తక్కువే వస్తుందని గుర్తుపెట్టుకుని.

అన్నా, మాది ఒంగోలు, డిగ్రీ చదువుతున్నా. మా నాన్నకి కొత్తపట్నం దగ్గర రొయ్యల చెరువు ఉంది. ఇంట్లో ప్రోబయోటిక్ డబ్బాలు, జియోలైట్ రాతిపొడి బస్తా ఉన్నాయి. షాపులో అమ్మే బ్యాక్టీరియా బాటిల్ బదులు అవి ట్యాంకులో వేయొచ్చా?

తమ్ముడూ, ఉన్న సరుకు వాడుకోవాలన్న ఆలోచన మంచిదే, కానీ ఇక్కడ కుదరదు. చెరువు ప్రోబయోటిక్‌లో ఎక్కువగా ఉండేది బాసిల్లస్. అది అడుగున పేరుకున్న బురద, మిగిలిపోయిన మేత తినే రకం, అక్కడ దాని పని అదే. అమ్మోనియాని నైట్రైట్ చేసే జాతి వేరు. ఇది వేస్తే నీళ్ళు పాలలాగా తెల్లబడి ఆక్సిజన్ తగ్గి ఉన్న చేపలు కూడా పైకొస్తాయి.

షాపు బాటిల్ సంగతి కూడా చెప్తా. పాత పుస్తకాల్లో నైట్రైట్‌ని తినేది నైట్రోబాక్టర్ అని రాసుంటుంది, చాలా బాటిళ్ళ మీద ఇప్పటికీ అదే రాస్తారు. 1998లో టిమ్ హొవానెక్ అనే శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్ళు మంచినీళ్ళ ట్యాంకుల్లో చూస్తే ఆ పని చేస్తున్నది నైట్రోస్పైరా అని తేలింది. ఆ తర్వాత 2015లో ఇంకో తమాషా బయటపడింది, అమ్మోనియా నుంచి నైట్రేట్ దాకా మొత్తం పని ఒక్కటే చేసేసే నైట్రోస్పైరా కూడా ఉందని. అందులో ఒక నమూనా చేపల పెంపకం ఫిల్టర్లోంచే దొరికింది. వందేళ్ళకి పైగా రెండు పనులకి ఇద్దరు కావాలి అని చెప్పుకున్నాం, ఒక్కడే చేస్తా కూర్చున్నాడు. బాటిల్లో ఏముందో, ఎండలో ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో ఎన్ని రోజులు పడుందో తెలీదు, అది ప్రాణంతో ఉంటేనే పనికొచ్చేది. నీకు బాటిల్ కంటే మంచి దారుంది. జబ్బు లేని చేపలున్న ఫ్రెండు ట్యాంకులోంచి, కనీసం మూడు నెలలు నడిచిన స్పాంజిని తెచ్చుకుని నీ ట్యాంకులో పిండు, లేదా ఆ స్పాంజినే సగం కోసి నీ ఫిల్టర్లో పెట్టు. తడి ఆరనీయకుండా కవర్లో తీసుకురా, బైకు మీద గాలి తగిలి ఆరితే వేస్టు.

జియోలైట్ మాత్రం మంచినీళ్ళలో అమ్మోనియాని నిజంగా పట్టుకుంటుంది. ఉప్పునీళ్ళలోనే దాని పప్పులుడకవు, సోడియం వచ్చి ముందే ఆ చోటు ఆక్రమిస్తుంది. మీ నాన్నకి ఈ మాట చెప్తే బస్తాల డబ్బులు మిగుల్తాయేమో, ఆయన వినడనుకో. ట్యాంకులో అవసరానికి వాడుకో, అయితే చెరువులో చల్లే పొడి వద్దు, గోలీలంత ముక్కలు కావాలి. అదీ చేపలు కష్టంలో ఉన్నప్పుడు రెండు మూడు రోజులే, ఎప్పుడూ ఉంచితే బ్యాక్టీరియాకి తిండి దొరక్క పెరగదు. ఆ జియోలైట్ కంటే నీకు ఇంట్లో ఉన్న అసలు నిధి ఇంకోటుంది, అమ్మోనియా టెస్ట్ కిట్. చెరువుకి వాడే కిట్టే, మంచినీళ్ళకి ఏ రంగుల కార్డుతో పోల్చి చూడాలో కిట్ కాగితంలో ఉందేమో చూసుకో.

మాది కావలి. మా అత్తగారు చాలా శుభ్రమైన మనిషి. నేను ఆఫీసుకి పోయొచ్చేసరికి ఫిల్టర్ విప్పి సిరామిక్ రింగులన్నీ గిన్నెలు తోమే లిక్విడ్ వేసి బ్రష్షుతో రుద్ది డాబా మీద ఎండబెట్టారు. మూడు రోజుల్లో నాలుగు మోలీలు పోయాయి. ఆమెని ఏమీ అనలేను. ఇప్పుడేం చెయ్యాలి అన్నయ్యా?

చదువుతుంటే ఆ డాబా కళ్ళముందు కనపడింది అమ్మా, ఒడియాల పక్కన చాటలో తెల్లగా మెరిసిపోతున్న రింగులు. పాపం ఆమె దృష్టిలో అంత జిగటగా, గోధుమరంగులో ఉన్నది మురికే కదా. ఆ మురికే మీ ఫిల్టర్. సబ్బు ఒకెత్తు, ఎండ ఇంకో ఎత్తు, బ్యాక్టీరియా ఆరిపోతే చచ్చిపోతుంది. మీరిప్పుడు మళ్ళీ మొదటి రోజుకి వచ్చారు, పైన వేదాయపాళెం అమ్మకి చెప్పినవన్నీ మీకూ వర్తిస్తాయి, మేత తగ్గించడం, నీళ్ళు మార్చడం, కల్లుప్పు. మోలీలకి ఉప్పంటే ఇష్టమే కూడా. రింగుల్ని రెండు మూడు సార్లు మంచినీళ్ళలో నానబెట్టి సబ్బు వాసన పూర్తిగా పోయాక పెట్టండి, కొంచెం అనుమానం ఉన్నా పారేసి కొత్తవి వేయండి, సబ్బు చేపలకి నేరుగా విషం.

ఇక నుంచి పద్ధతి ఏంటంటే, నీళ్ళు మార్చే రోజు ట్యాంకు నీళ్ళే ఒక బకెట్లోకి తీసి, అందులో స్పాంజిని నాలుగు పిసుకులు పిసికి మళ్ళీ పెట్టేయాలి. నీళ్ళు కాఫీ డికాషన్‌లాగా అవుతాయి, అంతే, తెల్లగా రావక్కర్లేదు. ఆ నీళ్ళు కరివేపాకు మొక్కకి పోయండి. స్పాంజీ రింగులూ రెండూ ఒకే రోజు ముట్టుకోవద్దు. నీళ్ళ వేగం తగ్గినప్పుడే కడగాలి, పండగొచ్చిందనో చుట్టాలొస్తున్నారనో కాదు. అత్తగారికి ఎట్టా చెప్పాలి అంటే, పెరుగు గిన్నె కడిగేముందు తోడుకి కాస్త తీసి ఉంచుతాం కదా, ఇదీ అంతే అని చెప్పండి. ఆవిడకి ఇట్టే అర్థమవుతుంది, మనకంటే ఎక్కువ.

సార్, మాది కందుకూరు. మా బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయని ట్యాంకుకి కూడా ప్లాంటు క్యాన్ నీళ్ళే పోస్తున్నా. ఆరు నెలలు బాగానే ఉంది. ఇప్పుడు అమ్మోనియా కనపడుతోంది, పీహెచ్ ఆరు కంటే తక్కువ చూపిస్తోంది. ఫిల్టర్ పాడైందా?

ఫిల్టర్ పాడవలేదు సార్, దానికి సున్నం కరువైంది. బ్యాక్టీరియా అమ్మోనియాని మార్చేటప్పుడు ఆమ్లం పుడుతుంది, దాన్ని నీళ్ళలో ఉన్న ఆల్కలినిటీ చల్లారుస్తుంది. ఒక మిల్లీగ్రాము అమ్మోనియా నైట్రోజన్‌కి ఏడు మిల్లీగ్రాముల పైన ఆల్కలినిటీ ఖర్చు. మీరు రోజుకి రెండు గ్రాముల మేత వేస్తే వంద లీటర్ల ట్యాంకులో రోజుకి లీటరుకి ఐదు మిల్లీగ్రాములు ఖర్చవుతుంది. ఆర్వో ప్లాంటు నీళ్ళలో అది ఉండేదే కొంచెం, మీరు వారానికోసారి అవే నీళ్ళు పోస్తున్నారు, మొదట్లో రాళ్ళలో ఉన్నదేదో కరిగి నడిపింది, అది అయిపోయింది. పీహెచ్ ఆరున్నర దిగితే బ్యాక్టీరియా మెల్లగా పనిచేస్తుంది, ఆరు దిగితే దాదాపు పని మానేస్తుంది.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది, జాగ్రత్తగా చదవండి. పీహెచ్ తక్కువున్నప్పుడు అమ్మోనియా ఎక్కువ భాగం అమ్మోనియంగా ఉంటుంది, చేపకి అంత హాని లేదు. 30 డిగ్రీల నీళ్ళలో పీహెచ్ ఏడు దగ్గర అసలు విషం ఒక శాతం కూడా ఉండదు, ఎనిమిదికి వచ్చేసరికి ఏడున్నర శాతం, ఎనిమిదిన్నరకి ఇరవై. మీరు కంగారుపడి ఒక్కసారిగా బోరు నీళ్ళు సగం పోసేశారంటే పీహెచ్ పెరిగి ఇన్నాళ్ళు నిద్రపోతున్న అమ్మోనియా మొత్తం లేచి కూర్చుంటుంది, చేపలు గంటల్లో పోతాయి. అందుకని ముందు రెండు మూడు రోజులు క్యాన్ నీళ్ళతోనే రోజూ కొంచెం మార్చి అమ్మోనియాని పల్చన చేయండి, మేత ఆపండి. తర్వాత వంట సోడా, వంద లీటర్లకి రోజుకి ఒక గ్రాము, అంతకు మించొద్దు, దాంతో ఆల్కలినిటీ లీటరుకి ఆరు మిల్లీగ్రాములు పెరుగుతుంది. పీహెచ్ ఏడుకి మెల్లగా వచ్చాక అప్పుడు అసలు వైద్యం, ప్రతిసారీ నాలుగు వంతులు క్యాన్ నీళ్ళకి ఒక వంతు బోరు నీళ్ళు కలిపి పోయడం. మీ బోరు నీళ్ళు ఒక సీసాలో పట్టి దగ్గర్లో ఉన్న ఆక్వా ల్యాబ్‌లో ఇవ్వండి, రొయ్యల చెరువు నీళ్ళకి చూసినట్టే పీహెచ్, ఉప్పుశాతం, ఆల్కలినిటీ, హార్డ్‌నెస్ చూసి కాగితం ఇస్తారు, ఆ కాగితం చూశాక ఎంత కలపాలో మీకే తెలుస్తుంది.

మైపాడు బీచ్‌లో ఏరిన గవ్వలు, గుల్లలు ట్యాంకులో వేయొచ్చా? వాటిమీద కూడా బ్యాక్టీరియా పెరుగుతుంది కదా? మార్కాపురం పలక ముక్కలు?

పెరుగుతుంది, కానీ గుల్లలు కరిగి నీళ్ళు గట్టిపడి పీహెచ్ పెరుగుతుంది. కందుకూరు ఆయనకైతే గుప్పెడు వేసుకోమని చెప్పేవాణ్ణి, మీకు బోరు నీళ్ళు ఇప్పటికే గట్టివైతే వద్దు. పలక మాత్రం నిశ్చింతగా వేసుకోండి, చీమకుర్తి గ్రానైట్ ముక్కలు కూడా. ఏ రాయి మీద అనుమానం ఉన్నా నిమ్మకాయ పిండి చూడండి, బుస్సుమని నురగొస్తే అందులో సున్నం ఉన్నట్టు.

ఫైటర్ చేపకి ఫిల్టర్ అక్కర్లేదంటారు, నిజమేనా?

అది పైకొచ్చి గాలి పీల్చుకోగలదు కాబట్టి వెంటనే చావదు, అంతే. అమ్మోనియా దానికీ విషమే. పదిహేను లీటర్ల చిన్న ట్యాంకులో చిన్న స్పాంజి, గాలి సన్నగా తిప్పి పెట్టండి. గుండ్రటి గాజు గిన్నెలో మాత్రం పెట్టకండి, నన్నడగకండి.

అన్నా, సింగరాయకొండ నుంచి. నాకు నాలుగడుగుల ట్యాంకు, కెనిస్టర్ ఉంది. మొన్న గాలివానకి కరెంటు పోయి పధ్నాలుగు గంటల తర్వాత వచ్చింది. వచ్చిన అరగంటకి ట్యాంకంతా కుళ్ళు వాసన, రెండు ఏంజిల్ చేపలు పోయాయి. కరెంటు లేనప్పుడు బతికిన చేపలు కరెంటొచ్చాక ఎందుకు పోయాయి?

తమ్ముడూ, ఇది నాకూ జరిగింది, 2021 నవంబర్ వరదలప్పుడు. మా వీధిలో ఒకటిన్నర రోజు కరెంటు లేదు. నేను చేపల కోసం రాత్రంతా చెంబుతో నీళ్ళు ఎత్తి పోస్తా కూర్చున్నా, మా ఆవిడ పిచ్చెక్కిందనుకుంది, కరెంటు రాగానే ఊపిరి పీల్చుకుని స్విచ్ వేసి పడుకున్నా. లేచేసరికి సగం ట్యాంకు తేలింది.

కెనిస్టర్ మూత బిగించిన డబ్బా. నీళ్ళు పారుతున్నంతసేపే అందులోకి ఆక్సిజన్ పోతుంది. ఆగిపోతే లోపలున్న బ్యాక్టీరియా మిగిలిన ఆక్సిజన్‌ని గంటల్లోనే తాగేస్తుంది, ఆ తర్వాత లోపలి చెత్త కుళ్ళడం మొదలవుతుంది, కోడిగుడ్డు కుళ్ళిన వాసన వచ్చే వాయువు పుడుతుంది. కరెంటు రాగానే పంపు ఆ నీళ్ళన్నీ ఒక్కసారిగా ట్యాంకులోకి నెడుతుంది.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే కెనిస్టర్‌ని దానికి కలపక్కర్లేదు, ఒక ఎయిర్ పంపు, ఒక స్పాంజి ఫిల్టర్ కలుపు, ఐదు వాట్లు కూడా తినదు, ఫ్యాను పక్కన అది లెక్కే కాదు. ఆ స్పాంజిని కెనిస్టర్‌తో పాటు ఎప్పుడూ ట్యాంకులో తిరగనీ, కాపురం అందులో కూడా పెరుగుతుంది, ఒకటి పోయినా రెండోది నిలబడుతుంది. ఇన్వర్టర్ లేకపోతే బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి తెచ్చి ఉంచుకో, తుపాను అని టీవీలో చెప్పిన రోజే సెల్స్ కొను, తర్వాత దొరకవు. రెండు గంటలు దాటి కరెంటు రాకపోతే కెనిస్టర్ స్విచ్ ఆపేసి, మూత తీసి, నీళ్ళు పారబోసి, రింగుల్ని తడి ఆరకుండా ఒక పళ్ళెంలో గాలి తగిలేలా పరిచి తడిగుడ్డ కప్పు, నీళ్ళలో ముంచి మూసిపెట్టిన దానికంటే గాలి తగులుతూ తడిగా ఉన్నదే ఎక్కువ సేపు బతుకుతుంది. కరెంటొచ్చాక వెంటనే స్విచ్ వేయొద్దు. ముందు మూత దగ్గర ముక్కు పెట్టు. మట్టి వాసనొస్తే ట్యాంకు నీళ్ళతో ఒకసారి తొలిచి పెట్టుకో, కుళ్ళు వాసనొస్తే ఆ నీళ్ళ చుక్క కూడా ట్యాంకులో పడనీకు.